డ్యూటీ లేని బ్యాడ్జీ

మేడ మీది గది, లాండ్రీ వీధి
ఫిబ్రవరి 6

గడియారం అక్కకి,

నీ పిచ్చుక రాసేది. నర్సింగు హాస్టల్లో పెట్టిన పేర్లు మనల్ని ఇంకా వదల్లేదు. నేను బాగానే ఉన్నాను. నువ్వూ బాగున్నావనుకుంటేనే ఉత్తరం ముందుకు సాగుతుంది కనక అలాగే అనుకుంటున్నాను. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటి, ఫోన్ చేసుకోవచ్చు కదా అని కింది వాటావాళ్ళు నవ్వుతారు. నీకు కుడి చెవి పోయిందనీ, ఎడమది పోయే దారిలో ఉందనీ, నేనొకటంటే నువ్వు మరొకటి విని నన్నే కేకలేస్తావనీ వాళ్ళకేం తెలుసు!

పోయిన వారం బీపీ చూపించుకోవడానికి పెద్దాసుపత్రికి వెళ్ళాను. నేను రిటైరయినది కాదు, వంతెన అవతలది. అక్కడ మనల్ని ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. చీటీలు రాసే చోట కూర్చున్న నర్సు పిల్లకి ఇరవై మూడేళ్ళుంటాయేమో. యూనిఫాం మీద మన బ్యాడ్జీ పెట్టుకుంది! అవునక్కా, మన కాలం నాటి నర్సింగ్ కౌన్సిలు బ్యాడ్జీయే. ఆ గుండ్రటి ఇత్తడి బిళ్ళ, చుట్టూ నీలం అంచు, మధ్యలో దీపం.

"ఇది నీకెక్కడిదమ్మా?" అన్నాను.

"మా అమ్మమ్మదండీ. మా ఆసుపత్రి పెట్టి వందేళ్ళయిందని, ఇంట్లో పాత బ్యాడ్జీలున్నవాళ్ళు ఈ ఏడాదంతా పెట్టుకోవచ్చని సూపరింటెండెంట్ గారు చెప్పారు. ఇప్పుడు మాకివన్నీ ఎక్కడండీ, ప్లాస్టిక్ కార్డులేగా" అంది.

వార్డులోకి తొంగి చూస్తే సగం మందికున్నాయి. ఒకమ్మాయి తన టీచరుది పెట్టుకుందట. ఇంకో అమ్మాయి పాత సామాన్ల కొట్లో కొనుక్కుందట. తిప్పి చూపించింది. వెనక రిజిస్ట్రేషన్ నంబరు చెక్కి ఉంది. "ఎవరిదో తెలీదండీ" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎవరో మహాతల్లి మూడేళ్ళు హాస్టల్లో నిద్ర కాచి సంపాదించుకున్న నంబరు, పాత తాళాల మధ్య దొర్లింది చూడు.

ఇంటికొచ్చి నాది వెతికి తీశాను. పళ్ళపొడి పెట్టి తోమితే మెరిసింది.

అసలు సంగతి చివరికి దాచాను. అక్కా, నన్ను మళ్ళీ డ్యూటీకి తీసుకున్నారు! మనుషులు చాలడం లేదట. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి అయిదున్నర దాకా, ఆడవాళ్ళ సర్జికల్ వార్డులో. పాత యూనిఫాం నడుం దగ్గర వదులు చేయించుకున్నాను. మీ మరిది పోయిన ఈ నాలుగేళ్ళలో మధ్యాహ్నం పూట నేను చెప్పులేసుకుని బయటికి వెళ్ళడం ఇదే మొదలు.

జవాబు వెంటనే రాయి.

నీ
పిచ్చుక


ఇల్లు
ఫిబ్రవరి 14

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. పెన్సిలుతో రాస్తున్నానని పిసినారితనం అంటగట్టకు. పెన్నులో సిరా అయిపోయింది, కొట్టు దాకా వెళ్ళాలంటే బద్ధకం. అంతకన్నా ఏమీ లేదు.

నిన్ను డ్యూటీకి తీసుకున్నారంటే నాకు అసూయ అనుకునేవు. అసూయే. అరవై ఆరేళ్ళదాన్ని తీసుకున్నవాళ్ళు డెబ్బై ఏళ్ళదాన్నీ తీసుకుంటారేమో కనుక్కో. పని మానేశాక మనిషి కుర్చీలా అయిపోతాడే. పెట్టినచోటే ఉంటాడు, ఎవరైనా వచ్చి కూర్చుంటే తప్ప దేనికీ పనికిరాడు.

వార్డులో ఎన్ని మంచాలు? మధ్యాహ్నం షిఫ్టుకి ఎంతమంది నర్సులు? షిఫ్టు మారేటప్పుడు రిపోర్టు ఎవరిస్తారు, ఎవరు తీసుకుంటారు? మందుల బీరువా తాళం నీ దగ్గరుంటుందా, ఇన్‌చార్జి దగ్గరా? ఇప్పుడు ఇంజెక్షన్లకి ముందు ఏం తనిఖీలు చేస్తున్నారో వివరంగా రాయి. చదువుకుంటాను. నాకిక్కడ చదవడానికి మందుల డబ్బాల మీది కాగితాలు తప్ప ఏమీ లేవు.

ఒకటి గుర్తుంచుకో. బ్యాడ్జీ ఎడమవైపు, జేబుకి పైన, నిటారుగా. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నీది ఎప్పుడూ తలకిందులుగా ఉండేది. "దీపంలో నూనె ఒలికిపోతోంది, పిచ్చుకా" అని ఎన్నిసార్లు సరిచేశానో.

నా ఆరోగ్యం బాగానే ఉంది. అడగక ముందే చెబుతున్నాను, మళ్ళీ అడగకు.

అక్క


మేడ మీది గది
మార్చి 2

గడియారం అక్కకి,

నీ ప్రశ్నలు చదివితే పరీక్ష హాల్లో కూర్చున్నట్టే ఉంది. ముప్ఫై మంచాలక్కా. నర్సులు ఇద్దరే, ఒక్కోసారి ఒకరే. పాపం, వాళ్ళు నడవరు, పరుగే. మిగతావి తర్వాత రాస్తాను. ముందు మా పద్నాలుగో మంచం గురించి చెప్పనీ.

ఆవిడ టైలరమ్మ. మెట్ల మీంచి పడి తొడ ఎముక విరిగింది. చూడ్డానికి ఎవరూ రారు. మొదటి రోజు నేను పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటే నా మొహం కన్నా ముందు బ్యాడ్జీని చూసింది. "మీరు పాత నర్సు. మా అమ్మ పోయినప్పుడు ఆమె కనురెప్పలు మూసింది ఇలాంటి బిళ్ళ పెట్టుకున్నావిడే" అని నా చెయ్యి పట్టుకుంది. ఇంక వదలదే!

డ్రెస్సింగు మార్చేటప్పుడు మెడ ఎత్తి తన కుట్లు తనే చూసుకుంది. "ఇదేం కుట్టండీ, దూరం దూరంగా! నా దగ్గర పని నేర్చుకునే పిల్ల ఇలా వేస్తే విప్పించి మళ్ళీ వేయించేదాన్ని" అంది. డాక్టరు కుర్రాడి మొహం చూడాలి.

ఇరవై ఒకటో మంచం పిల్లకి పదిహేడేళ్ళు, అపెండిసైటిస్. నొప్పి వచ్చినప్పుడు ఎక్కాలు చెప్పమంటుంది. నేను పదమూడో ఎక్కం దగ్గర తప్పుతాను, అది నవ్వుతుంది, నవ్వితే కుట్లు లాగుతాయని ఏడుస్తుంది. తొమ్మిదో మంచం ముసలావిడ మాట్లాడదు. గోడవైపు తిరిగే పడుకుంటుంది. నేను వెళ్ళి కూర్చుంటే మాత్రం కాళ్ళు కొంచెం పక్కకి జరిపి నాకు చోటిస్తుంది. అంతే. నాకు అదే చాలనిపిస్తోంది.

అయిదున్నరకి గంట కొడతారు. అందరూ వెళ్ళిపోతారు, నేనూ వస్తాను. మెట్లెక్కి తాళం తీస్తే గదిలో పొద్దున్న నేను వదిలిన గ్లాసు వదిలినచోటే ఉంటుంది. ఇల్లంతా వెతికినా దాన్ని కదిపేవాళ్ళు లేరు కదా. అయినా ఇప్పుడు ఆ గ్లాసుని చూసినా మునుపటంత దిగులు లేదు. రేపు రెండింటికి పనుంది నాకు.

ఇంకా పెన్సిలేనా? సిరా సీసా నేను పంపించనా?

పిచ్చుక


ఇల్లు
మార్చి 12

పిచ్చుకా,

నీ రెండుత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని మూడుసార్లు చదివాను. నాకు వేరే పని లేదు.

టైలరమ్మ కుట్లు ఉన్నాయి. ఎక్కాలున్నాయి. తొమ్మిదో మంచం కాళ్ళున్నాయి. కానీ అయిదు వారాల డ్యూటీలో ఒక్క ఇంజెక్షన్ లేదు. ఒక్క టెంపరేచరు లేదు. చార్టు రాసినట్టు లేదు, రిపోర్టు ఇచ్చినట్టు లేదు. డ్రెస్సింగు మార్చేటప్పుడు అని రాశావు, మార్చాను అనలేదు. ముప్ఫై మంచాలకి ఇద్దరే నర్సులుంటే, మూడో నర్సు స్టూలు వేసుకుని గంటలు గంటలు కూర్చుంటుందా? కూర్చుంటే ఇన్‌చార్జి ఊరుకుంటుందా? నేనయితే ఊరుకోను.

పైగా ఆ గంట. అది విజిటర్లకి కొట్టే గంట. నర్సులకి గంట ఏమిటే?

నీ నోట్లో నువ్వుగింజ నానదని హాస్టలంతా అనేవాళ్ళు. అలాంటిదానివి నా ప్రశ్నల్లో మొదటి రెండిటికి తప్ప జవాబివ్వలేదు. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు?

నువ్వు నిజంగా డ్యూటీ చేస్తున్నావా?

అక్క


మేడ మీది గది
మార్చి 27

అక్కా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులయింది. పెన్ను పట్టుకున్నప్పుడల్లా ఇంకో అబద్ధమే తోచింది. ఇప్పుడు ఆ అవసరం లేదు. మొన్న అంతా అయిపోయింది.

నన్నెవరూ డ్యూటీకి తీసుకోలేదు. నేను అడగనూ లేదు. ఆ రోజు తోమిన బ్యాడ్జీ ఊరికే పాత యూనిఫాంకి పెట్టి అద్దంలో చూసుకున్నాను. చూసుకున్నదాన్ని విప్పలేకపోయాను. అలాగే బస్సెక్కాను. బస్సులో ఒకాయన లేచి చోటిచ్చి "కూర్చోండి సిస్టర్" అన్నాడు. ఎన్నాళ్ళయిందక్కా నన్ను ఏదో ఒకటి అని పిలిచి! వార్డులోకి నడిస్తే ఎవరూ ఆపలేదు. బ్యాడ్జీలు ఇంతమందికి ఉన్నాయి కదా, నేనూ వాళ్ళలో ఒకదాన్నే అనుకున్నారు. ఖాళీగా ఉన్న స్టూలు కనిపించింది. కూర్చున్నాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. అలా ఏడు వారాలు.

నాకు నేనే ఒక గీత గీసుకున్నాను. మందు ముట్టుకోను. చార్టు ముట్టుకోను. మంచినీళ్ళయినా డ్యూటీ సిస్టర్ని అడగందే ఇవ్వను. ఆ గీతే నన్ను పట్టిచ్చింది.

మొన్న తొమ్మిదో మంచం ముసలావిడ కోడలు మొదటిసారి వచ్చింది. తొందరలో ఉంది. మాత్రల సంచి నా ఒళ్ళో పెట్టి "సిస్టర్, ఇప్పుడు వేయాల్సినవేవో చూసి వేసెయ్యండి" అంది.

"డ్యూటీ సిస్టర్ వస్తుందమ్మా, ఆవిడ్ని అడుగు" అన్నాను.

"మరి మీరు?"

"నేను వెయ్యకూడదు."

"వెయ్యకూడనిదానివి ఆ బట్టలేసుకుని ఇక్కడెందుకు కూర్చున్నావు?" అని గట్టిగా అంది. వార్డంతా తలలు తిప్పింది. తప్పేముంది, సరైన ప్రశ్నే.

ఆవిడ వెళ్ళి ఫిర్యాదు చేసింది. సూపరింటెండెంట్ గారు వచ్చారు. మనకన్నా ఇరవయ్యేళ్ళు చిన్నది. గుమ్మంలో నిలబడి "ఇక్కడ పాత బ్యాడ్జీ పెట్టుకున్న పెద్ద సిస్టర్ ఎవరు?" అన్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతటదే బ్యాడ్జీ మీదికి పోయింది.

గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. బ్యాడ్జీ తీయించి, వెనక నంబరు కంప్యూటర్లో కొట్టి చూశారు.

"మీ పేరే ఉంది. రిజిస్ట్రేషన్ ఆరేళ్ళ క్రితం ఆగిపోయింది."

"అవునమ్మా. రెన్యూ చేయించలేదు. పనేముందిలే అనుకున్నాను."

"ఎన్నాళ్ళుగా వస్తున్నారు?"

"ఏడు వారాలు."

"ఎవరికైనా మందిచ్చారా?"

"ఒక్క బిళ్ళ కూడా ఇవ్వలేదు."

"మరేం చేశారు?"

"కూర్చున్నాను."

ఆవిడ ఆ ఒక్క మాటా రాసుకున్నారు. తర్వాత మెల్లిగా అన్నారు. "అమ్మా, ఏమీ తెలియనివాళ్ళయితే మందలించి పంపేసేదాన్ని. మీరు నిజం నర్సు. అందుకే ఇది పెద్ద తప్పు. రేపు మిమ్మల్ని చూసి ఇంకెవరో, నర్సు కానిది, ఇలాంటి బిళ్ళ కొనుక్కుని లోపలికొస్తే? మీరు ముట్టుకోని మందు ఆవిడ ముట్టుకుంటే?"

ఆవిడ ముందున్న కాగితం నా వైపు లాక్కున్నానక్కా. క్షమాపణ రాసి సంతకం పెట్టాను. మళ్ళీ వార్డుల్లో అడుగు పెట్టనని కూడా. బ్యాడ్జీ నా చేతికే ఇచ్చి "ఇది మీరు చదివి తెచ్చుకున్నది. నేను తీసుకోను. ఇక్కడ మాత్రం పెట్టుకోకండి" అన్నారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. బయటికొచ్చేసరికి నోటీసు అంటిస్తున్నారు. పాత బ్యాడ్జీలు ఎవరూ పెట్టుకోకూడదట, ఆ పూట నుంచే. చీటీల దగ్గర ఆ అమ్మమ్మ బ్యాడ్జీ పిల్ల పిన్ను తీస్తోంది. గుడ్డకి చిక్కుకుంది, ఎంతకీ రావడం లేదు. నా వల్లే అని దానికి తెలుసో లేదో. "ఇలా ఇయ్యమ్మా, నేను తీస్తాను" అనబోయాను. దాని ముందు నుంచే తేలు కుట్టిన దొంగలా నడిచి వచ్చేశాను.

టైలరమ్మతో వెళ్తున్నానని చెప్పనైనా లేదు. ఇవాళా ఆ వేళకి చెప్పులేసుకున్నాను. మళ్ళీ విప్పాను.

తిట్టు. గట్టిగా తిట్టు. ఊరుకోకు మాత్రం.

పిచ్చుక


ఇల్లు కాదు
ఏప్రిల్ 4

పిచ్చుకా,

తిట్టమన్నావు. తిడుతున్నాను. నీ తప్పు తప్పే. ఆ సూపరింటెండెంట్ చేసింది నూటికి నూరుపాళ్ళు సరి. నేనా కుర్చీలో ఉంటే అంత మెత్తగా మాట్లాడేదాన్ని కాదు. ఆవిడకి ఇంకో ఉత్తరం రాయి. తప్పు నాది, పిల్లలది కాదు, వాళ్ళ పెద్దవాళ్ళ బ్యాడ్జీలు వాళ్ళని పెట్టుకోనివ్వండి అని రాయి. వింటుందో వినదో ఆవిడ ఇష్టం. రాయడం నీ బాధ్యత.

తిట్టడం అయింది. ఇప్పుడు నా సంగతి.

నీ మొదటి ఉత్తరం అందేనాటికి నేను ఇంట్లో లేను. జనవరి ఇరవై తొమ్మిదిన స్నానాల గదిలో జారిపడ్డాను. తుంటి ఎముక. పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఎదురింటాయన ఒక్కసారి వచ్చి, నీ ఉత్తరం చేతికిచ్చి, నిలబడే వెళ్ళిపోయాడు. వెల్లకిలా పడుకుని రాస్తే పెన్ను రాయదు, సిరా వెనక్కి పోతుంది. అందుకే పెన్సిలు. తర్వాత నన్ను ఇక్కడికి మార్చారు. నీ మిగతా ఉత్తరాలు ఆయనే పోస్టులో ఇక్కడికి పంపాడు. నడక వచ్చేదాకా ఉంచే చోటు. నడక రాలేదు. 'ఇల్లు' అని రాసినవన్నీ మంచాలే.

నీకెందుకు చెప్పలేదంటావా? ముప్ఫై ఎనిమిదేళ్ళు నేను మంచం ఇవతల నిలబడినదాన్ని. అవతల పడుకున్నానని రాయడానికి చెయ్యి రాలేదు.

నర్సులు మంచివాళ్ళే. ఒక్కొక్కరికి ఇరవై రెండు మంచాలు, ఎవర్ని అంటాం? సూది చక్కగా వేశారు, వేళకి మందిచ్చారు. కానీ మధ్యాహ్నం మూడవుతుంది. తలుపులు తీస్తారు. అన్ని మంచాల చుట్టూ మనుషులు చేరతారు. నేను దుప్పటి మొహం మీదికి లాక్కుని నిద్రపోతున్నట్టు నటించేదాన్ని. ఎవరూ రాలేదని పక్క మంచంవాళ్ళు జాలిపడకుండా. పంతొమ్మిది రోజులూ అదే నాటకం. ఒక రోజు నిజంగానే నిద్ర పట్టి, ఎవరో నుదుటి మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి లేచాను. పక్క మంచానికి వచ్చినావిడ, మంచం పొరపాటు పడింది. "అయ్యో, మీరు కాదండీ" అని చెయ్యి తీసేసింది.

అప్పుడు నీలాంటిది ఒకతె బిళ్ళ పెట్టుకుని వచ్చి నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని ఉంటే, దాని నంబరు నేను తిప్పి చూసేదాన్ని కాదు పిచ్చుకా. ఇది తిట్టు కింద రాయడం లేదు. విడిగా రాస్తున్నాను.

వేసిన స్క్రూ కదిలిందట. ఈ నెల పద్దెనిమిదిన మళ్ళీ ఆపరేషన్. నిన్న ఒప్పుకోలు కాగితం తెచ్చారు. వందల మంది చేత దాని మీద సంతకాలు పెట్టించినదాన్ని. 'దగ్గరి బంధువు' అన్న గడి నింపని వాళ్ళని తొందరపెట్టిన దాన్ని కూడా. నా వంతు వచ్చేసరికి చాలాసేపు ఖాళీగా ఉంచాను. తర్వాత నీ పేరు రాశాను. 'సంబంధం' దగ్గర చెల్లెలు అని రాశాను. అబద్ధాలాడకూడదని నువ్వు నాకు చెప్పొద్దు.

వస్తావా? యూనిఫాం తేకు. బిళ్ళ తేకు. ఊరికే రా.

అక్క


నీ మంచం పక్క కుర్చీ, రెండో అంతస్తు
ఏప్రిల్ 18, సాయంత్రం నాలుగు

అక్కా,

నువ్వు ఎదురుగా ఉండగా నీకు ఉత్తరం రాయడం నాకే నవ్వుగా ఉంది. కానీ మత్తు దిగేటప్పుడు అన్న మాటలు మనిషికి గుర్తుండవని మనిద్దరికీ తెలుసు. అందుకని రాసి నీ దిండు కింద పెడుతున్నాను.

ఆ సూపరింటెండెంట్ గారికి నువ్వు చెప్పినట్టే రాశాను. ఇంకా జవాబు లేదు.

పొద్దున్న నిన్ను లోపలికి తీసుకెళ్ళేటప్పుడు నువ్వు నా వైపు చూడలేదు, పైకప్పు లెక్కపెడుతున్నట్టు పడుకున్నావు. తలుపు మూశారు. ఆ తలుపు వెనక ఏ నిమిషంలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. తెలియకపోతేనే నయం. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళని "కంగారు పడకండి" అని ఎంత తేలిగ్గా అనేవాళ్ళమే మనం!

నర్సు పిల్ల ఒకతె వచ్చి "మీరేమవుతారండీ ఆవిడకి?" అంది.

"చెల్లెల్ని."

"అనుకున్నాను. పోలికలున్నాయి" అంది. నీ ముక్కెక్కడ, నా ముక్కెక్కడ!

మూడు గంటల పది నిమిషాలు పట్టింది. డాక్టరు వచ్చి ఎముక బాగా కూర్చుందని చెప్పాడు. రెండోసారి కూడా చెప్పించుకున్నాను. నిన్ను బయటికి తెచ్చి ఈ మంచం మీదికి మార్చారు. నీ మొహం చాలా చిన్నదయిపోయింది. ఎడమ చెవి దగ్గర వంగి "అక్కా, అయిపోయింది" అన్నాను. కళ్ళు తెరిచావు.

"ఎప్పుడొచ్చావు?"

"నిన్న పొద్దున్నే వచ్చానుగా."

"ఏమైనా తిన్నావా?"

"లేదు."

"వెళ్ళి తిను, పో" అని మళ్ళీ కళ్ళు మూశావు.

మీ మరిది పోయాక నన్నా మాట అడిగిన మనిషి లేదు. మత్తులో అడిగావని తెలుసు. అయినా అడిగావు.

ఇప్పుడు విజిటర్లు వచ్చే వేళ. వార్డు నిండిపోయింది. పక్క మంచంవాళ్ళు కుర్చీ ఖాళీ అయితే తీసుకుందామని చూస్తున్నారు. నేను లేవడం లేదు. వెళ్ళి తినలేదని నువ్వు లేచాక కేకలేద్దువుగాని.

పిచ్చుక